కొమదొరి నాలుగో తరం

సంజో, 1980 డిసెంబరు 7

ఇసావో,

నువ్వు పంపిన పెట్టె నిన్న చేరింది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చింది కదా, ఎండు చేపలనుకుని చిజు గంతులేసింది. విప్పితే చెక్కతో చేసిన హ్యాండిల్. కారు తలుపుకుండే హ్యాండిలనీ, అది తిప్పితే అద్దం దిగుతుందనీ మీ బావ చెబితే గానీ నాకూ తెలియలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, మొహం చిన్నబుచ్చుకుంది. ఇంకోసారి హ్యాండిల్ పంపితే పక్కన ఒక్క చేపయినా పెట్టు.

చూసి చెప్పమన్నావు, చెబుతున్నాను. షెడ్డు తలుపుకి బిగించి తిప్పాను. వట్టి చేత్తో బాగానే ఉంది. ఉన్ని తొడుగుతో తిప్పితే చివరి పిడి జారుతోంది. తొడుగు మంచుకి తడిసిందంటే అసలు పట్టే దొరకదు. మీ ఊళ్ళో మంచు పడదు, మీకెలా తోస్తుంది? మీ బావ కూడా తిప్పి చూసి, "గుమ్మడికాయలా ఉంటే ఎక్కడ పట్టుకుంటాం? దానికి కాస్త నడుము పెట్టమను మీ తమ్ముణ్ణి" అన్నాడు.

చూసి చెప్పడానికే పంపావా, మా షెడ్డుకేమైనా పని ఉందా? ప్రెస్సు మీద మేం గుద్దే, అమెరికా వెళ్ళే చెంచాల పని బాగా పడిపోయింది. అడిగితే గానీ అమ్మయినా పెట్టదంటారు. అందుకని అడిగాను.

నీ అక్క
ఫుమియే


కంపెనీ కాలనీ, 1981 మార్చి 2

అక్కకి,

ఇక్కడ తొలి వసంతపు ఉమే పూలు రాలిపోయాయి. మీ కప్పు మీద మంచు దిగిందని తలుస్తాను.

పిడికి నడుము పెట్టాను. "ఎవరు చెప్పారు?" అని మా పెద్ద ఇంజనీరు అడిగాడు. "మంచు ఊళ్ళో ఉండే ఒకావిడ" అన్నాను. ఆయన తొడుగులు తెప్పించి, బకెట్టు నీళ్ళలో ముంచి, మా పన్నెండు మంది చేతా తిప్పించాడు. నువ్వే గెలిచావు.

బండి పేరు కొమదొరి. ఎర్ర గొంతుక అడవిపిట్ట పేరు పెట్టారు. ఇరుకు సందుల్లో తిరగడానికి, కూరలకి వెళ్ళే ఆడవాళ్ళు నడపడానికి చేస్తున్నాం. తలుపుల పని నాది. మూడున్నర చుట్లకి అద్దం పూర్తిగా దిగాలి. నాలుగు చుట్లయితే విసుగు, మూడయితే చేతికి బరువు. ఆ అర చుట్టు తేల్చడానికే ఎనిమిది నెలలు పట్టింది. నవ్వకు.

మీలాంటి షెడ్లకీ మాకూ మధ్య, విడిభాగాలు చేయించి ఇచ్చే కంపెనీ ఒకటుంది. వాళ్ళకి మీ షెడ్డు పేరు అందింది. వాళ్ళే వచ్చి బావ పని చూస్తారు. బాగుంటేనే ఇస్తారు. మనం తోబుట్టువులమని మాత్రం ఎక్కడా అనకండి. ఇంటిపేర్లు వేరు, చెబితే తప్ప తెలియదు. తెలిస్తే నాకు తలుపులూ ఉండవు, మీకు హ్యాండిళ్ళూ ఉండవు.

చేపలు వేరే పంపాను. చిజు కోసం.

ఇసావో


సంజో, 1989 జూన్ 18

ఇసావో,

వెదురాకుల్లో చుట్టిన పిండి ఉండలు ఇరవై పంపుతున్నాను. రెండు రోజుల్లో తినెయ్యి, గట్టిపడితే నన్ననకు.

రెండో కొమదొరి మన ఊరికీ వచ్చేసింది. మా బియ్యం కొట్టాయన ఎర్రది కొన్నాడు. మొదటిదానికంటే ఎత్తు, అద్దాలు ఇంతింత. ముసలాయన టోపీ తియ్యకుండా ఎక్కి కూచున్నాడు. మొదటి బండిలో ఆయన తల కప్పుకి కొట్టుకునేదట. ఎంత బాగుందిరా అనిపించింది. నువ్వు చెప్పినట్టు హ్యాండిల్ కూడా నలభై గ్రాములు తేలిక చేశాం. ఆ నలభై గ్రాములూ మీ బావ ఒంట్లోంచే తగ్గాయి, రెండు నెలలు అన్నం సయించలేదు. రేకు పలచన చేస్తే మెడ దగ్గర చిట్లిపోయేది. చివరికి మడత వేసి నిలబెట్టాడు. డ్రాయింగులో లేని మడత. వచ్చిన ఇన్‌స్పెక్టరు చూసి దాన్నీ డ్రాయింగులోకి ఎక్కించుకుపోయాడు.

ఒక తప్పు చేశాను, నేనే చెప్పేస్తున్నాను. ఊరి స్నానాలశాలలో ఆడవాళ్ళందరి ముందూ బియ్యం కొట్టావిడ కారు గురించి ఒకటే గొప్పలు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. "ఆ తలుపులు మా తమ్ముడివే" అనేశాను. అందరూ నావైపు తిరిగారు. ఆ క్షణం బాగానే ఉంది. ఇంటికొచ్చి చెబితే మీ బావ, "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళని చూశాను గానీ, స్నానాల తొట్టెలో అమ్మినదాన్ని నిన్నే చూశాను" అన్నాడు. అన్నాడే గానీ నవ్వలేదు.

నీ అక్క
ఫుమియే


కంపెనీ కాలనీ, 1989 జూన్ 30

అక్కకి,

ఉండలు అందాయి. మా విభాగంలో పంచాను. ఎక్కడివని అడిగితే కొన్నానని చెప్పవలసి వచ్చింది.

స్నానాలశాలలో అన్నమాట ఇంకెక్కడా అనకు. నేనిప్పుడు తలుపుల విభాగానికి అధిపతిని. ధరలు తగ్గించమని మధ్య కంపెనీకి కాగితం వెళితే దాని మీద నా ముద్ర ఉంటుంది. మా అక్కే ఆ హ్యాండిళ్ళు చేస్తోందని ఒక్కడికి తెలిస్తే చాలు. ఇకమీదట బండి సంగతులు ఉత్తరాల్లో రాయను. నువ్వూ అడగకు.

బావ వేసిన మడత చూశాను. మంచి పని.

ఇసావో


సంజో, 1997 ఫిబ్రవరి 11

ఇసావో,

మీ బావ పోయి ఏడాది కావస్తోంది. ఆయన చోట ఇద్దరు పనివాళ్ళని పెట్టాను. ఇద్దరూ కలిసినా ఆయనంత చెయ్యరు. పాలిష్ పట్టేటప్పుడు ఆయన శబ్దం విని చెప్పేసేవాడు, వీళ్ళు కళ్ళతో చూసి కూడా చెప్పలేరు.

అడగొద్దన్నావు. ఎనిమిదేళ్ళుగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మూడో కొమదొరికి ముందు తలుపుల్లో అద్దం కరెంటు మీట నొక్కితే దిగుతుందని మధ్య కంపెనీ కుర్రాడు చెప్పాడు. హ్యాండిళ్ళ పని సగానికి పడిపోయింది. మిగతా సగం ఉంటుందా, పోతుందా? ఉంటుందంటే పనివాళ్ళని ఉంచుతాను. పోతుందంటే ఇప్పుడే చెప్పు. చిన్నప్పుడు నిన్ను వీపున కట్టుకుని బడికెళ్ళినదాన్ని, నీ బరువు నాకు తెలుసు. నువ్వు చెప్పింది ఎంత బరువైనా మోస్తాను. చెప్పకపోతేనే మొయ్యలేను.

నీ అక్క
ఫుమియే


కంపెనీ కాలనీ, 1997 మార్చి 1

అక్కకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఈ ఒక్కసారికే. వెనక తలుపులకి హ్యాండిళ్ళే. చవక రకం బండికి నాలుగు తలుపులకీ హ్యాండిళ్ళే. మూడో తరం ఉన్నన్నాళ్ళూ ఇందులో మార్పు లేదు. ఈ ఉత్తరం చదివి కాల్చెయ్యి.

బావ ఏడాది కర్మకి రాలేకపోతున్నాను. అద్దాలకి నీటి పరీక్షలు జరుగుతున్నాయి. అగరొత్తులు పంపాను.

ఇసావో


సంజో, 2002 అక్టోబరు 20

ఇసావో,

నిన్ను కొమదొరికే పెద్దని చేశారని పేపర్లో చూశాను. చిన్న ఫొటో, జుట్టు బాగా నెరిసింది. కత్తిరించి మీ బావ పటం పక్కన పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చూశావా, అరవై దాటాక నోరు కట్టుకోవడం వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. చిజు నాగఓకా ఆస్పత్రిలో రక్తపరీక్షల విభాగంలో ఉంది కదా. సకుమా అని అక్కడే పనిచేసే అబ్బాయి, నెమ్మదైనవాడు. అతనికి సముద్రం అవతల సప్పోరోకి బదిలీ అయింది. పెళ్ళి చేసుకుని తనతో రమ్మంటున్నాడు. నాకేమో బొటనవేలి కీలు వాచి ప్రెస్సు మీట పట్టు దొరకడం లేదు. నేను మానేస్తే షెడ్డు మూతే. దానికి షెడ్డంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ వాళ్ళ నాన్న పక్కన కూచుని శబ్దం వినేది, ఆ చెవి దానికొక్కదానికే వచ్చింది.

"అమ్మా, మావయ్యని అడుగు. కొమదొరి ఇంకా ఎన్నాళ్ళుంటుందో చెప్పమను. ఉండేదయితే నేను వచ్చేస్తాను. పోయేదయితే సప్పోరో వెళతాను. దేనికైనా సరే, మధ్యలో ఉంచొద్దు" అంది.

అదీ ప్రశ్న. నేను అడగడం లేదు, అది అడుగుతోంది.

నీ అక్క
ఫుమియే


కంపెనీ కాలనీ, 2002 నవంబరు 10

అక్కకి,

పని ఒత్తిడిలో జవాబు ఆలస్యమైంది.

ఫొటో పాతది, ఇప్పుడు ఇంకా నెరిసింది.

చిజు అడిగినదానికి: కొమదొరికి ఢోకా లేదు. నాలుగో తరం తయారవుతోంది. ఇంకో పదేళ్ళు ఆ పేరు రోడ్ల మీద ఉంటుంది, అది నా పూచీ. అంతకుమించి నేను చెప్పకూడదు. చిజు తన జీవితాన్ని తనే చూసుకోవాలి.

చలి మొదలైంది. ఒళ్ళు జాగ్రత్త.

ఇసావో


సంజో, 2003 జనవరి 15

ఇసావో,

ఈ ఏడు మంచు విపరీతం. మూడుసార్లు కప్పు మీంచి తోశాం. తోసింది చిజు. ఇంటికొచ్చేసింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే నాగఓకా నుంచి వచ్చి చదువుకుంది. "పదేళ్ళు. పూచీ అని రాశాడు, అమ్మా. మావయ్య ఊరికే పూచీ అనే మనిషి కాడు" అంది. ఆ ఉత్తరం సంచిలో పెట్టుకుని వెళ్ళి సకుమాకి కూడా చూపించిందట. అతను చదివి, మడిచి ఇచ్చేసి, "అయితే ఇంక నేను అడగను" అన్నాడట. డిసెంబరులో వెళ్ళిపోయాడు. స్టేషనుకి వెళ్ళొచ్చిన సాయంత్రం ఇది బూట్లు విప్పకుండానే షెడ్డులోకి పోయి ప్రెస్సుకి నూనె పెట్టింది. 

చెయ్యి మాత్రం నిజంగా వాళ్ళ నాన్నదే. పనివాళ్ళిద్దరూ దాన్ని "ఓనరమ్మా" అంటున్నారు. మొదట్లో వెటకారానికి అన్నారు, ఇప్పుడు మామూలుగానే అంటున్నారు.

నీ మాట మీద ఒక ఇల్లు నిలబడింది. నీకు చెప్పాలనిపించింది.

నీ అక్క
ఫుమియే


కంపెనీ కాలనీ, 2003 ఫిబ్రవరి 2

అక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ రెండు రోజులు మంచు పడింది, అపురూపం. నిలవలేదు.

చిజు ఉద్యోగం మానేసిందని తెలిసి దిగులుగా ఉంది. తొందరపడిందేమో. ఆస్పత్రి వాళ్ళు మళ్ళీ తీసుకుంటారేమో అడగమను. ప్రెస్సు పని ఆడపిల్లకి కష్టం, వేళ్ళు పోతే తిరిగి రావు. సప్పోరో అబ్బాయితో కూడా ఒకసారి మాట్లాడి చూడవచ్చు. నా మాట తోసెయ్యకండి.

ఇసావో


సంజో, 2003 ఫిబ్రవరి 9

ఇసావో,

ఆడపిల్లకి కష్టమా. నీ ఇంజనీరు చదువుకి కావలసిందంతా గుద్దిపెట్టింది ఈ ప్రెస్సే, దాని మీద కూచున్నది నేను. అప్పుడు నేనూ ఆడపిల్లనే. నా ఎడమచేతి ఉంగరంవేలి కొస అందులోనే పోయింది. ఆ రోజు నువ్వు పరీక్షలకని వెళ్ళావు, నీకు చెప్పొద్దన్నాను.

ఉత్తరం చిజుకి చూపించలేదు. చూపిస్తే నవ్వేది. నువ్వు పెద్దవాడివయ్యావు, మా పని నీ కంటికి చిన్నదయింది. అంతే నాకర్థమైంది.

ఫుమియే


సంజో, 2004 ఆగస్టు 8

ఇసావో,

వరద వార్త చూసి నువ్వు పంపిన తువాళ్ళు అందాయి. కోపం పెట్టుకున్నాను గానీ తువాళ్ళు మంచివి, పనికొచ్చాయి.

జులై పదమూడున ఇకరషి నది గట్టు తెగింది. షెడ్డులో నడుము దాకా నీళ్ళు. చిజు ఆ నీళ్ళలో నిలబడి మోటార్లు విప్పి అటక మీదకి చేర్చింది. హ్యాండిళ్ళ అచ్చులు, ఆ డైలు మాత్రం మునిగిపోయాయి. నీళ్ళు పోయాక మూడు వారాలు బురద తోడాం. చిజు ఒక్కొక్క డై పళ్ళు తోమే బ్రష్షుతో కడిగింది. "అమ్మా, పద్దెనిమిదో తారీకుకి పెట్టెలు వెళ్ళాలి, మన వల్ల కొమదొరి లైను ఆగిందంటే మావయ్య పరువేం కావాలి" అంటుంది. బురద మొహంతో.

పెట్టెలు పదిహేడునే సిద్ధమవుతాయి. పక్క షెడ్డు వాళ్ళు ఇంకా తలుపే తియ్యలేదు. మూసేద్దామనుకుంటున్నారు. మాకు నీ మాట ఉంది కాబట్టి ఆ ఆలోచనే రాలేదు.

నీ అక్క
ఫుమియే


సంజో, 2004 డిసెంబరు 19

ఇసావో,

నిన్న మధ్య కంపెనీ నుంచి ఫ్యాక్సు వచ్చింది. ఒక్క కాగితం. మార్చితో హ్యాండిళ్ళు ఆపేస్తారు. నాలుగో కొమదొరికి ఏ రకంలోనూ, ఏ తలుపుకీ హ్యాండిల్ లేదు. అన్నీ మీటలే.

చిజు కాగితం చదివి, "మావయ్యకి తెలిసుండదమ్మా" అంది. రెండోసారి చదివి మడిచి జేబులో పెట్టుకుంది.

నీకు ఎప్పుడు తెలిసింది? తారీకు రాస్తే చాలు.

ఫుమియే


2008 ఏప్రిల్ 6

అక్కకి,

మూడేళ్ళ కిందట నువ్వడిగిన తారీకు ఇప్పుడు రాస్తున్నాను. 2002 ఆగస్టు 22.

ఆ రోజు మీటింగులో అమ్మకాల వాళ్ళు చవక రకానికైనా హ్యాండిల్ ఉంచమన్నారు. వద్దన్నది నేను. రెండు రకాల తలుపులు చేస్తే లైను రెండుగా చీలుతుంది, తప్పులు పెరుగుతాయి. వయసు మళ్ళినవాళ్ళ చేతులకి హ్యాండిల్ బరువు. చవక బండి కొనేది ఎక్కువగా వాళ్ళే. కాగితం మీద ముద్ర వేశాను. ఇప్పుడు అడిగినా అదే ముద్ర వేస్తాను. ఇందులో అబద్ధం చెప్పలేను.

చిజు ప్రశ్నతో నీ ఉత్తరం అక్టోబరులో వచ్చింది. మూడు వారాలు సొరుగులో పెట్టుకున్నాను. ఇంట్లోవాళ్ళకైనా చెప్పకూడదన్నది కంపెనీ కట్టుబాటు. ఇన్నాళ్ళూ అదే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అంతే కాదు. మీ షెడ్డు సంగతి బయటపడితే నాలుగో తరం నా చేతిలోంచి తీసేస్తారని భయపడ్డాను. బండి నాదిగా ఉండాలనుకున్నాను. అందుకని బండి గురించి నిజం రాసి, హ్యాండిల్ గురించి రాయలేదు. మీరు రెండూ ఒకటే అనుకుంటారని రాసేటప్పుడే తెలుసు.

చిజు వచ్చేసిందని తెలిశాక ఆడపిల్ల, వేళ్ళు అని ఏదో రాశాను. ఇంకే రకంగా వెనక్కి పంపాలో తోచలేదు. డైలు బ్రష్షుతో కడిగిందన్న ఉత్తరం చదివిన రోజు ఫోను తీసి సగం నంబరు నొక్కి పెట్టేశాను.

కిందటేడు రిటైరు చేసి నన్ను ఇంటికి పంపారు. పూలగుత్తి ఇచ్చారు. అయిదో తరానికి కొమదొరి పేరు కూడా తీసేస్తున్నారట, నన్నడగలేదు.

వచ్చే నెల బావ పదమూడో ఏటి కర్మ. రావాలనుంది. చిజు ముందు తల వంచాలనుంది. రానిస్తావా?

ఇసావో


సంజో, 2008 ఏప్రిల్ 20

ఇసావో,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి చిజుకి వినిపించడానికి. అది విని, "సరే" అంది. బియ్యం కడగడానికి వెళ్ళింది.

షెడ్డు లేదు. ప్రెస్సుని తూకానికి తీసుకుపోయారు. అక్కడిప్పుడు పక్కింటివాళ్ళు బండ్లు పెట్టుకుంటారు. ఆస్పత్రి వాళ్ళు చిజుని మళ్ళీ తీసుకోలేదు. సామాన్ల దుకాణంలో మేకులు, తాళ్ళు అమ్మే కౌంటరు దగ్గర ఉంటుంది. సకుమాకి ఇద్దరు పిల్లలట. కిందటి కొత్త సంవత్సరానికి కార్డు పంపాడు. అది చదివి మిగతా కార్డుల్లోనే పెట్టింది, వేరే దాచలేదు. నీమీద ఒక్క మాట అనదు. అంటే బాగుండును. "నన్ను రానిచ్చింది నువ్వేగా" అని నన్నయినా ఒక్కసారి అనొచ్చు. ఎవరూ ఏమీ అనని ఇంట్లో ఇద్దరం భోంచేస్తున్నాం.

హ్యాండిల్ తీసేసినందుకు నాకు కోపం లేదు. ఇన్నేళ్ళు పని చేసినదాన్ని, వస్తువు కాలం అయిపోతుందని నాకు తెలియదా? చెంచాలు పోలేదూ? నువ్వు నిజం చెప్పి ఉంటే చిజు సప్పోరోలో ఉండేది, నేను షెడ్డు మూసి దాని పిల్లల్ని ఆడించేదాన్ని. నీ కంపెనీకి పోయేదేమీ లేదు. ఒక ముసలిదానికి ఒక మాట తెలిసేది, అంతే. మూడు వారాలు సొరుగులో పెట్టుకున్నావు చూడు, ఆ మూడు వారాలూ అది రోజూ సాయంత్రం నాగఓకా నుంచి వచ్చి పోస్టు డబ్బా దగ్గర నిలబడింది.

బస్సు తీసేశారు. అందుకని కిందటి అక్టోబరులో చిజు ఒక పాత బండి కొంది. నాలుగో కొమదొరి. "అదే ఎందుకే" అన్నాను. "నీ మోకాళ్ళకి ఆ సీటు ఎత్తు సరిపోతుంది. అన్నీ ఎక్కి చూశాను" అంది. నేను ఒక నెల ఎక్కలేదు. తరవాత ఆస్పత్రికని ఎక్కక తప్పలేదు. తలుపు తేలిగ్గా తెరుచుకుంది. కూచుంటే నడుం నొప్పెట్టలేదు. వేలితో నొక్కితే అద్దం దిగింది. నా బొటనవేలితో హ్యాండిల్ తిప్పగలిగేదాన్ని కాదు.

చెప్పవలసింది చెప్పకుండా ఉండటం నీకు చేతనయింది. నాకిప్పటికీ చేతకాదు. అందుకని రాస్తున్నాను: బండి బాగుంది. చాలా బాగా చేశావు.

కర్మకి రావొద్దు.

ఫుమియే